పది దొంగవేళ్లు

ఫోన్ ఆటకు కీబోర్డు తెలియదు, మౌస్ తెలియదు. దానికి తెలిసినవల్లా వేళ్లు. తెర ఎడమ మూలన ఉన్న గుండ్రటి చక్రాన్ని బొటనవేలు తోస్తే మనిషి నడుస్తాడు. కుడివైపు ఖాళీ జాగాలో వేలు ఈడిస్తే చూపు తిరుగుతుంది. తుపాకీ గుర్తు మీద వేలు పడితే గుండు పేలుతుంది. ఇలాంటి ఆటను కంప్యూటర్ ముందు కూర్చుని కీబోర్డు, మౌస్‌లతో ఆడాలనుకుంటే ఆటను మార్చే వీలు లేదు, దాని కోడ్ మన చేతిలో ఉండదు. మిగిలిన దారి ఒక్కటే. మనం కీ నొక్కినప్పుడల్లా తెర మీద ఒక వేలు పడిందని ఫోన్‌ను నమ్మించాలి.

ఈ నమ్మించే పనికి కీమ్యాపింగ్ అని పేరు. చాలామంది దృష్టిలో ఇది సెట్టింగుల వ్యవహారం: ఈ బటన్‌కు ఈ కీ అని జతచేస్తే సరి. వేలు పెట్టడం వరకైతే అది నిజమే, ఆ పని ఎవరైనా చేయించగలరు. పెట్టిన వేలిని ఎప్పుడు ఎత్తాలి, ఎక్కడ ఎత్తాలి, ఎత్తిన సంగతి ఆటకు ఎలా తెలియాలి అన్నచోట అసలు పని మొదలవుతుంది. కీమ్యాప్ బాగుందా లేదా అన్నది నాకు ఎత్తడం దగ్గరే తెలిసిపోతుంది.

ఈ పని చేసే పనిముట్లు చాలా ఉన్నాయి. బ్లూస్టాక్స్, టెన్సెంట్ వాళ్ల గేమ్‌లూప్ లాంటి ఎమ్యులేటర్లు కంప్యూటర్‌లోనే ఒక ఆండ్రాయిడ్‌ను నడుపుతాయి. రెండో పద్ధతిలో ఆట ఫోన్‌లోనే నడుస్తుంది, తెర మాత్రం కేబుల్ ద్వారా కంప్యూటర్‌లో కనిపిస్తుంది. 2018లో జెనీమొబైల్ సంస్థ నుంచి వచ్చిన స్క్రీన్‌కాపీ ఈ కోవది. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. తెర మీద జరిగింది కంప్యూటర్‌లో కనబడడానికి పట్టే ఆలస్యం 35 నుంచి 70 మిల్లీ సెకన్లని దాని తయారీదారులే చెప్పుకుంటారు. అంటే సెకనుకు 60 ఫ్రేముల ఆటలో రెండు నుంచి నాలుగు ఫ్రేములు. దీని మీద కట్టిన క్యూటీ స్క్రీన్‌కాపీ అనే మరో ప్రోగ్రాం ఆటల కోసం కీమ్యాప్‌ను చేర్చింది. నేను ఇక్కడ విప్పి చూపాలనుకుంటున్నది దాన్నే. ఎమ్యులేటర్‌లో బటన్లను మౌస్‌తో ఈడ్చి పెట్టుకోవచ్చు, సౌకర్యమే, కానీ లోపల ఏం జరుగుతోందో కనబడదు. ఇక్కడ మ్యాప్ ఒక మామూలు జేసన్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు, దాన్ని నడిపే కోడ్‌నూ చదువుకోవచ్చు.

ముందుగా దొంగవేలు ఫోన్‌లోకి ఎలా దూరుతుందో చెప్పాలి. సెట్టింగుల్లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేస్తే కంప్యూటర్ ఫోన్‌లోకి ఒక చిన్న సర్వర్ ప్రోగ్రాంను పంపి నడపగలదు. తెరను తాకినట్టు సృష్టించే హక్కు మామూలు యాప్‌కు ఉండదు కానీ, ఇలా డీబగ్గింగ్ దారిలో వచ్చిన ప్రోగ్రాంకు ఆండ్రాయిడ్ ఇస్తుంది. రూట్ చేయనక్కర్లేదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే షియోమీ ఫోన్లు కొన్నిటిలో యూఎస్‌బీ డీబగ్గింగ్ పక్కనే సెక్యూరిటీ సెట్టింగ్స్ అని ఇంకో మీట ఉంటుంది. అది ఆన్ చేయకపోతే బొమ్మ వస్తుంది గానీ తాకిడి పనిచేయదు. తెర కనిపిస్తోంది, కీలు పలకడం లేదని తల పట్టుకునేవాళ్లు ముందు చూడాల్సింది దాన్నే.

ఇక మ్యాప్ ఫైలు. అందులో స్థానాలన్నీ పిక్సెళ్లలో ఉండవు, 0 నుంచి 1 మధ్య భిన్నాలుగా ఉంటాయి. తెర వెడల్పులో ఎంత వంతు, ఎత్తులో ఎంత వంతు అన్నదే లెక్క. అందువల్ల ఒక ఫోన్ కోసం రాసిన మ్యాప్, తెర ఆకారం దగ్గరగా ఉన్న ఇంకో ఫోన్‌లోనూ పనిచేస్తుంది. అయితే ఈ సులువులో ఒక మెలిక దాగుంది. తెర 2400 పిక్సెళ్ల వెడల్పు, 1080 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకోండి. అడ్డంగా 0.1 అంటే 240 పిక్సెళ్లు, నిలువుగా అదే 0.1 అంటే 108. కాబట్టి నడక చక్రానికి నాలుగు దిక్కులా ఒకే దూరం కావాలంటే నాలుగు అంకెలూ ఒకటే రాయకూడదు. ఎడమ కుడులకు 0.1 ఇస్తే పైకీ కిందికీ సుమారు 0.22 ఇవ్వాలి. మ్యాప్ రాసినవాడికి ఈ సంగతి తెలుసో లేదో ఆ నాలుగు అంకెలు చూస్తే చాలు. పైకి ఇంకాస్త ఎక్కువ, 0.27 దాకా కనిపిస్తే రాసినవాడు ఆట కూడా బాగా ఎరిగినవాడన్నమాట. పబ్జీ తరహా ఆటల్లో చక్రాన్ని బాగా పైకి తోస్తేనే మనిషి పరుగందుకుంటాడు.

నడక చక్రానికి డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీలు కట్టడం ఆనవాయితీ. ఈ ఆనవాయితీ వయసు సుమారు ముప్పై ఏళ్లే. 1996లో క్వేక్ అనే కంప్యూటర్ ఆట వచ్చినప్పుడు చాలామంది బాణం గుర్తుల కీలతోనే నడిచేవారు. డెనిస్ ఫాంగ్ అనే కుర్రాడు 1997లో క్వేక్ పోటీ గెలిచి, ఆట సృష్టికర్తల్లో ఒకడైన జాన్ కార్మాక్ ఫెరారీ కారునే బహుమతిగా పట్టుకెళ్లాక, అతని ఎడమ చెయ్యి ఏ కీల మీద ఉంటుందో మిగతావాళ్లూ అక్కడే పెట్టడం మొదలుపెట్టారు. ఫోన్ ఆటల్లోకి వచ్చేసరికి ఆ నాలుగు కీలూ కలిసి ఒకే ఒక్క బొటనవేలిగా మారాలి.

ఆ మార్పు ఎలా జరుగుతుందో నిదానంగా చూడండి. డబ్ల్యూ నొక్కగానే చక్రం నడిమధ్యన ఒక వేలు పడుతుంది. అక్కడి నుంచి పైకి జారుతుంది. నేరుగా పై అంచున వేలు పెడితే కొన్ని ఆటలకు అది చక్రాన్ని తోసినట్టు లెక్కకు రాదు, మొదలు మధ్యలోనే ఉండాలి. జారడం కూడా ఒక్క గెంతులో జరగదు. దారిని చిన్న చిన్న ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ మధ్య కొన్ని మిల్లీ సెకన్ల తేడాతో, ఆ తేడా కూడా ప్రతిసారీ ఒకేలా లేకుండా పంపుతుంది ప్రోగ్రాం. మనిషి వేలు అలాగే జారుతుంది మరి.

ఇప్పుడు డబ్ల్యూ వదలకుండా డీ కూడా నొక్కారు. రెండో వేలు పడకూడదు. ఉన్న వేలే పైనుంచి కుడి ఎగువ మూలకు జరగాలి. డబ్ల్యూ వదిలారు, డీ ఇంకా నొక్కే ఉంది. వేలు ఎత్తకూడదు, కుడికి జారాలి. ఏ, డీ రెండూ ఒకేసారి నొక్కితే అడ్డం కదలికలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నాలుగు కీల్లో ఆఖరుది కూడా వదిలాకే వేలు పైకి లేవాలి. కీ వదిలినప్పుడల్లా వేలు ఎత్తేసే నాసిరకం మ్యాపర్లు ఉన్నాయి. వాటితో ఆడితే మలుపు తిరిగిన ప్రతిసారీ మనిషి ఓ క్షణం ఆగి, మళ్లీ నడుస్తాడు. ఆడేవాడికి కారణం తెలియదు, చేతికి మాత్రం ఏదో తడబాటు తగులుతూ ఉంటుంది.

నడక కన్నా చిక్కైనది చూపు. నా మట్టుకు ఈ విద్య మొత్తంలో మెచ్చుకోవాల్సింది మౌస్‌ను వేలుగా మార్చిన తీరు.

చిక్కు ఎక్కడంటే, మౌస్‌కు అంచు లేదు. బల్ల మీద కుడికి జరిపి, ఎత్తి మళ్లీ ఎడమన పెట్టి, కుడికి జరుపుతూ ఎంతసేపైనా ఒకే దిక్కుకు తిరగొచ్చు. వేలికి తెర అంచు ఉంది. కుడికి తిరుగుతూ పోతే వేలు అంచుకు చేరుతుంది, అక్కడితో చూపు ఆగిపోతుంది. మనిషి ఆడేటప్పుడు ఏం చేస్తాడు? వేలు ఎత్తి, మళ్లీ తెర మధ్యకు తెచ్చి, మళ్లీ ఈడుస్తాడు. ప్రోగ్రాం కూడా అదే చేస్తుంది. మ్యాప్‌లో మొదలు స్థానం ఒకటి రాసి ఉంటుంది, అడ్డంగా 0.57, నిలువుగా 0.26 అనుకుందాం. మౌస్ కదలగానే అక్కడ వేలు పడుతుంది. మౌస్ ఎంత జరిగితే వేలు దాని వెంట అంత జరుగుతుంది. అంచుకు కాస్త ముందే వేలు ఎత్తేసి, మొదలు స్థానంలో మళ్లీ పెట్టి, వదిలిన చోటునుంచి ప్రయాణం సాగిస్తుంది. బావిలో నీళ్లు తోడేవాళ్లు తాడు ఒకే దిక్కుకు వస్తుండగా చేతులు మార్చి మార్చి పట్టుకున్నట్టు. కాకపోతే వాళ్లకు రెండు చేతులున్నాయి, ఒకటి పట్టాకే రెండోది వదులుతారు. ఇక్కడ చూపుకు ఒక్క వేలే. వదలడానికీ మళ్లీ పట్టుకోవడానికీ మధ్య సందు ఆటగాడి కంటికి తెలియకూడదు.

ఆ సందు తెలియకుండా చేయడానికి ఎన్ని చూసుకోవాలో! మొదలు స్థానం ఏ బటన్ మీదా పడకూడదు, పడితే చూపు తిప్పిన ప్రతిసారీ ఆ బటన్ నొక్కుకుపోతుంది. యుద్ధం మధ్యలో మాత్రమే ప్రత్యక్షమయ్యే బటన్లుంటాయి, ‘తలుపు తెరువు’, ‘వస్తువు తీసుకో’ లాంటివి. వాటినీ తప్పించాలి. తెర మధ్యకు దగ్గరగా ఉంటే ఎటు తిరిగినా సమానంగా జాగా దొరుకుతుంది, వేలు తక్కువసార్లు ఎత్తాల్సి వస్తుంది. పైగా వేలు పడ్డాక మొదటి కొద్దిపాటి కదలికను చాలా ఆటలు లెక్కచేయవు, తట్టడమా ఈడ్చడమా అని తేల్చుకోవడానికి. అంటే ఎత్తి పెట్టిన ప్రతిసారీ చూపు కదలికలో రవ్వంత పోతుంది. కాబట్టి ఎత్తడం ఎంత తక్కువైతే అంత మేలు. మ్యాప్‌లో వేగాన్ని (అడ్డానికొకటి, నిలువుకొకటి ఉంటుంది) మరీ పెంచితే వేలు తొందరగా అంచుకు చేరి ఈ నష్టం ఎక్కువవుతుంది. తిరుగుడు చాలడం లేదని మ్యాప్‌లో వేగం పెంచడం కన్నా, ఆట సెట్టింగుల్లో కెమెరా సెన్సిటివిటీ పెంచి మ్యాప్‌లో తగ్గించడం మంచిదని నా అభిప్రాయం. చూపు అంతే తిరుగుతుంది, వేలు ప్రయాణం తగ్గుతుంది.

ఇటు కంప్యూటర్ వైపు కూడా ఇలాంటిదే ఇంకో దాపరికం నడుస్తుంది. మౌస్ బాణం గుర్తును కనిపించకుండా చేసి, అది విండో అంచుకు పోయినప్పుడల్లా తిరిగి మధ్యకు లాగాలి. అలా లాగడం కూడా ఒక కదలికే కదా! దాన్ని కూడా లెక్కలో వేసుకుంటే ఆటలో చూపు ఒక్కసారిగా వెనక్కి కొట్టుకుంటుంది. కాబట్టి ప్రోగ్రాం తన చేత్తో తాను పుట్టించిన కదలికను గుర్తుపట్టి వదిలేయాలి. బల్ల మీద చెయ్యి, కంప్యూటర్‌లో బాణం, ఫోన్ తెర మీద వేలు. మూడూ వేర్వేరు చోట్ల వేర్వేరు సమయాల్లో మొదటికి వస్తుంటాయి, చూపు మాత్రం సాఫీగా తిరుగుతుంటుంది.

మౌస్ కాసేపు కదలకపోతే? అప్పుడు వేలు దానంతట అదే లేస్తుంది. ఊరికే ఆనించి ఉంచితే నష్టమేమిటని అడగొచ్చు. ఈసారి చెయ్యి కదిలినప్పుడు వేలు అంచు దగ్గర కాకుండా మొదలు స్థానంలో, చుట్టూ నిండా జాగాతో సిద్ధంగా ఉంటుంది. ఆటగాడు గురి చూసి ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలోనే పని జరిగిపోతుంది కాబట్టి కంటికి ఆనదు.

పబ్జీ తరహా ఆటల్లో కన్ను గుర్తు ఒకటుంటుంది. దాని మీద వేలు పెట్టి ఈడిస్తే మనిషి ముందుకే పరుగెడుతూ మెడ మాత్రం తిప్పి చూస్తాడు. కీబోర్డు ఆటల్లో ఇది ఆల్ట్ కీకి అలవాటు. మామూలు బటన్‌లా కట్టేస్తే పనిచేయదు, ఎందుకంటే నొక్కిన వేలే ఈడ్చాలి కూడా. అందుకని ఆల్ట్ నొక్కగానే చూపు వేలు తన చోటునుంచి లేచి కన్ను గుర్తు మీద పడుతుంది, మౌస్ ఎటు జరిపితే అటు అక్కడి నుంచి ఈడుస్తుంది. ఆల్ట్ వదలగానే లేచి తన పాత చోటికి వెళుతుంది. మ్యాప్ ఫైల్లో దీనికి విడిగా ఓ బటన్ వరస ఉండదు, మౌస్ కదలికకు సంబంధించిన భాగంలోనే చిన్న కళ్లు అనే అర్థం వచ్చే పేరుతో దాన్ని చేర్చారు. వేలు ఒకటే, నిలిచే చోట్లు రెండు అన్న సంగతి ఫైలు అమరికలోనే ఉంది. రాసినవాడి ఆలోచన అంత స్పష్టంగా ఉంది.

బటన్ల మాటకొస్తే, సాదా బటన్‌కు కథేమీ లేదు. కీ నొక్కితే వేలు పడుతుంది, వదిలితే లేస్తుంది. కానీ రెండుసార్లు తట్టే బటన్ అని ఒక రకం ఉంది, దాన్ని చూసి నేను ముచ్చటపడ్డాను. గోడ చాటునుంచి పక్కకు వంగి చూసే బటన్ ఫోన్ ఆటల్లో తరచూ మీట లాంటిది: ఒకసారి తడితే వంగుతాడు, మళ్లీ తడితే నిటారుగా నిలబడతాడు. కీబోర్డు ఆటగాడికేమో క్యూ కీ నొక్కి పట్టినంతసేపు వంగాలి, వదిలితే లేవాలి. ఈ రెండు అలవాట్లను కలపడానికి ప్రోగ్రాం కీ నొక్కినప్పుడు ఒక తట్టు తడుతుంది, వేలు వెంటనే ఎత్తేస్తుంది. కీ వదిలినప్పుడు ఇంకో తట్టు. ఆటకు రెండు విడి తట్లు అందాయి, ఆటగాడి చేతికి నొక్కి పట్టిన అనుభవం మిగిలింది.

సంచి తెరవడంలోనూ ఇంతే శ్రద్ధ. ట్యాబ్ నొక్కితే సంచి తెరుచుకుంటుంది సరే, అందులో వస్తువులను ఏరుకోవాలంటే మౌస్ చూపు తిప్పడం మానేసి మామూలు బాణం గుర్తుగా కావాలి. అందుకే ప్రతి సాదా బటన్ వరసలోనూ ‘ఇది నొక్కాక మౌస్‌ను వదలాలా’ అనే ఒక అవునా కాదా ఉంటుంది. సంచికి అవును, తుపాకీకి కాదు. మొత్తం కీమ్యాప్‌నే పక్కన పెట్టి మామూలు టైపింగ్‌కు రావాలంటే ఎస్కేప్ కింద ఉండే బ్యాక్‌టిక్ కీ.

ఇన్ని వేళ్లు ఒకేసారి పడుతుంటే ఎవరిది ఏదో గుర్తుండాలి కదా. ప్రోగ్రాంలో పది గడుల పట్టిక ఒకటుంది. కొత్త వేలు పడాలంటే ఖాళీ గడి వెతికి అందులో కీ పేరు రాసుకుంటుంది, లేచాక ఖాళీ చేస్తుంది. ఫోన్ వైపు కూడా ఈ క్రమం కచ్చితం. ఆండ్రాయిడ్‌లో మొదటి వేలు పడడం ఒక రకం సంఘటన, తర్వాతివి పడడం వేరే రకం. ఆఖరి వేలు లేవడానికి కూడా విడి పేరుంది. రెండు బొటనవేళ్లతో ఆడేవాళ్లు నడుస్తూ, చూస్తూ, కాలుస్తూ ఉండలేక క్లా పట్టు నేర్చుకుని చూపుడువేళ్లు కూడా తెర మీదికి తెస్తారు. దొంగవేళ్లకు ఆ సాధన అక్కర్లేదు.

బాణాలూ మంత్రాలూ విసిరే మొబైల్ లెజెండ్స్ లాంటి ఆటల్లో పద్ధతి మారిపోతుంది. అక్కడ విద్య (స్కిల్) బటన్ మీద వేలు పెట్టి, గురి ఉన్న దిక్కుకు ఈడ్చి, ఎత్తాలి. ఎత్తితేనే విద్య విడుదలవుతుంది. బ్లూస్టాక్స్ లాంటివి దీనికి విడిగా స్కిల్ ప్యాడ్ అని పెట్టాయి. కీ నొక్కి పట్టగానే వీరుడి నుంచి మౌస్ బాణం దాకా గీత గీసి, ఆ దిక్కునే చిన్న చక్రంలో వేలు ఈడుస్తాయి. వీరుడు సరిగ్గా తెర మధ్యలో ఉంటాడనుకుంటే గురి తప్పుతుంది. కెమెరా వాలుగా చూస్తుంది కాబట్టి అతని నిలువు స్థానం కాస్త అటూ ఇటుగా ఉంటుంది, నిలువు దూరాలు కూడా కుదించుకుని కనిపిస్తాయి. ఆ తేడా సరిదిద్దుకునే అంకెలు ఇస్తారు. మనసు మార్చుకుంటే? కీ వదిలితే విద్య విడుదలైపోతుంది. వదలకుండానే వేలిని రద్దు గుర్తు మీదికి ఈడ్చి అక్కడ ఎత్తాలి. దానికి ఇంకో కీ.

ఎత్తడం మరిచిపోతే ఏమవుతుందో చూడాలంటే డబ్ల్యూ పట్టుకుని ఉండగా ఆల్ట్, ట్యాబ్ నొక్కి ఇంకో విండోలోకి వెళ్లండి. డబ్ల్యూ వదిలిన కబురు ఆ కొత్త విండోకు పోతుంది, మ్యాపర్‌కు చేరదు. జాగ్రత్త లేని మ్యాపర్ అయితే వేలు చక్రం మీదే ఉండిపోతుంది, మనిషి నదిలోకో శత్రువుల ఇంట్లోకో నడుచుకుంటూ పోతాడు. విండో చేజారిన మరుక్షణం ఉన్న వేళ్లన్నీ ఎత్తేసేదే మంచి పనిముట్టు.

ఇదంతా కళ్లారా చూడడానికి ఒక మార్గముంది. డెవలపర్ ఆప్షన్లలోనే పాయింటర్ లొకేషన్ అని ఒకటుంటుంది. అది ఆన్ చేస్తే తెర పైభాగంలో వేళ్ల సంఖ్య, వాటి అడ్డం నిలువు కొలతలు కనిపిస్తాయి, వేళ్లు కదిలిన దారిలో గీతలు పడతాయి. మ్యాప్ రాసేవాళ్లకు ఇదే కొలబద్ద: బటన్ మీద నిజం వేలు పెట్టి, కనిపించిన అంకెను తెర వెడల్పుతోనో ఎత్తుతోనో భాగిస్తే మ్యాప్‌లో రాయాల్సిన భిన్నం వస్తుంది. మ్యాప్ పూర్తయ్యాక దీన్ని ఆన్‌లో ఉంచి మౌస్ తిప్పి చూడండి. గీత అంచుదాకా పోయి తెగుతుంది, మధ్యలో కొత్తది మొదలవుతుంది. డబ్ల్యూ, డీ మార్చి మార్చి నొక్కితే చక్రం మీద గీత తెగకుండా మూలలు తిరుగుతుంది. అన్ని కీలూ వదిలాక వేళ్ల సంఖ్య సున్నాకు రాకపోతే ఎక్కడో ఒక వేలు ఇరుక్కుందన్నమాట. మ్యాపర్‌ను పరీక్షించడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు కనబడలేదు.

న్యాయం సంగతి కూడా చెప్పాలి. మౌస్‌తో గురిపెట్టేవాడు బొటనవేలితో గురిపెట్టేవాడి మీద పైచేయిగా ఉంటాడు. అందుకే పబ్జీ మొబైల్ ఎమ్యులేటర్ ఆటగాళ్లను గుర్తించి వాళ్లలో వాళ్లకే పోటీ పెడుతుంది. ఫోన్‌లోనే ఆడుతూ దొంగవేళ్లు పంపితే ఆ వడపోత తప్పించుకోవచ్చని కొందరు ఉత్సాహపడతారు. అవతలివాడికి చెప్పకుండా ఆ పని చేయడం నాకు నచ్చదు, పైగా ఆట నిబంధనల ప్రకారం ఖాతా పోయే దాకా రావచ్చు. ఒంటరిగా ఆడుకునే ఆటలకు, శిక్షణ మైదానాలకు, ముందే ఒప్పుకున్న స్నేహితుల గదులకు ఏ పేచీ లేదు.

క్యూటీ స్క్రీన్‌కాపీలో లోపాలు లేవని కాదు. మ్యాప్‌ను చేత్తో రాసేటప్పుడు ఒక కామా తప్పితే ఫైలు మొత్తం చదవబడదు. ఆట అప్‌డేట్‌లో బటన్ల అమరిక మారితే మళ్లీ కొలవాలి. ఎదురుగా తెరిచి ఉన్న ఆట ఏ తెరలో ఉందో ప్రోగ్రాంకు తెలియదు, వాహనం ఎక్కాక మారిపోయే బటన్లకు కూడా కాలినడక మ్యాపే వర్తిస్తుంది. యాక్సిలరేటర్ బటన్ అదృష్టవశాత్తూ నడక చక్రం దగ్గరే ఉంటే సరి, లేదంటే వాహనం బటన్లకు మిగిలిన కీలు వెతుక్కోవాలి. ఆట సెట్టింగుల్లోకి వెళ్లి బటన్లను మనమే జరుపుకునే వీలున్న ఆటల్లో దీనికి ఓ చిట్కా ఉంది: కాలినడకలో దూకే బటన్‌నూ వాహనంలో బ్రేకునూ ఒకే చోటికి తెచ్చి పెట్టుకుంటే, స్పేస్ కీ ఒక్కటే రెండింటికీ పనికొస్తుంది.